ఎముకల కోసం బొల్లిగుట్టకు

ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు ఇంటికి ఏదో ఒకటి తెస్తారు. నేను నల్లగొండ, మహబూబునగరం జిల్లాల్లో పదహారు రోజులు తిరిగి ఎముకలు తెచ్చాను. కుందేళ్ళవి, కౌజు పిట్టలవి, ఒక ఉడుముది, గబ్బిలాలవి, చేపలవి, గొర్రెలవి. గుడ్డ సంచుల్లో కట్టి, ప్రతి సంచికీ ఊరి పేరు రాసిన చీటీ కుట్టి తెచ్చాను. తెనాలిలో మా అమ్మ ఆ సంగతి విని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

నేను హైదరాబాదులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. దేవరకొండ అవతలి గుట్టల్లో యురేనియం ఉందేమోనని నాలుగేళ్ళ కిందట కొందరు వచ్చి గుంతలు తవ్వారు. రాళ్ళు పెట్టెల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు. గుంతలు అలాగే ఉండిపోయాయి. ఆ చుట్టుపక్కల తిరిగే జంతువుల ఒంట్లో రేడియో ధార్మికత ఎంత ఉందో కొలిచి చెప్పమని మా ప్రొఫెసరుగారికి పని అప్పగించారు. ఆయన మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకున్నారు. "సుశీలా, నువ్వు వెళ్ళగలవా?" అని అడిగారు. ఆయన మాట పూర్తికాకముందే వెళ్తానన్నాను. అప్పటిదాకా అలాంటి పని ఆడవాళ్ళ చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

జీపులో ముగ్గురం. నడిపేది ఖాజామియా. కొలిచే మిషను చూసుకునేది రామనాథం. ఆ మిషను ఒక ఇనుప పెట్టె, దానికి తీగతో తగిలించిన ఒక గొట్టం. కంటికి కనపడని కిరణం గొట్టానికి తగిలినప్పుడల్లా పెట్టె 'టక్' అంటుంది. ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ మిషను ఎక్కడ పెట్టినా టక్కుమంటుంది. రాయిలో, మట్టిలో, మన ఒంట్లో ఎంతో కొంత ఎప్పుడూ ఉంటుంది. నిమిషానికి ఎన్నిసార్లు అన్నదో లెక్కపెట్టి, వేరే చోటి లెక్కతో పోల్చినప్పుడే దానికి అర్థం. ఈ చిన్న మాట నాలుగు ఊళ్ళ జనానికి నచ్చజెప్పలేక తిరిగి వచ్చాను.

చౌటుప్పల్

మొదటి మజిలీ చౌటుప్పల్. రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగాం. కొత్త పైసలొచ్చి ఏళ్ళవుతున్నా ఆ హోటలాయన ఇంకా "అణా" అనే అన్నాడు. మా వైపు కాఫీ లేనిదే తెల్లారదు. ఇక్కడ చాయ్‌లో పాలకన్నా బెల్లం వాసన ఎక్కువ.

గుంతలకు దూరంగా పెరిగిన జంతువుల ఎముకలు పోలికకు కావాలి. అందుకని అక్కడి మాంసం దుకాణానికి వెళ్ళాను. మాంసం వద్దు, ఎముకలే కావాలంటే దుకాణమాయన కత్తి పక్కన పెట్టి నవ్వాడు.

"అందరు బొక్కలు తీసేయమని కొట్లాడుతరు. నువ్వు బొక్కలే ఇయ్యమంటున్నవు. కుక్కలను సాదుతున్నవా అమ్మా?"

గొర్రె తొడ ఎముకలు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చాడు, డబ్బులు వద్దన్నాడు. పక్కింటి అరుగు మీద నూలు చుడుతున్న సాలె ముసలామె మా మిషనును చాలాసేపు చూసి, "నూలుల కల్తీ ఉంటె గిది జెప్తదా?" అని అడిగింది. చెప్పదన్నాను. "మరి గింత పెద్దగ ఎందుకు?" అంది. ఆ ప్రయాణంలో మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

దేవరకొండ దారి

నల్లగొండ దాటాక నేల మారిపోయింది. మా ఊళ్ళో ఎటు చూసినా కాలువ, వరిచేను. ఇక్కడ ఎటు చూసినా బండలు. ఎవరో మోసుకొచ్చి పడేసినట్టు ఒకదాని మీద ఒకటి. మధ్యలో ఆముదం చేలు, సీతాఫలం పొదలు. వానలు వెళ్ళిపోయి నెలన్నర అయిందంతే, అప్పుడే వాగుల్లో ఇసుక తేలింది.

ఒక వాగు దాటుతుంటే జీపు ఎగిరిపడి ఫార్మలిన్ సీసా పగిలింది. కళ్ళు మండి, ముగ్గురం దిగి గట్టున కూర్చున్నాం. చేలో పనిచేసుకుంటున్న ఆడవాళ్ళు మా ఏడుపు మొహాలు చూసి ఎవరో చచ్చిపోయారనుకున్నారు. సంగతి తెలిశాక తమ సద్దిమూటల్లోంచి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. పచ్చి ఉల్లిపాయ, చింతపండు రసం, ఎండుమిరప. మా అమ్మ చూస్తే దీన్ని పులుసు అని ఒప్పుకోదు. నేను మూడు రొట్టెలు తిన్నాను. మా వైపు కొత్తవాళ్ళు కనిపిస్తే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతాం. వీళ్ళు ముందు "తిన్నవా?" అని అడిగారు.

బొల్లిగుట్ట

బొల్లిగుట్ట ముప్పై గడపల పల్లె. ఎక్కువమంది గొర్రెలు కాసేవాళ్ళే. తవ్విన గుంతలు ఊరికి అర మైలులో ఉన్నాయి, పదకొండు. కంచె లేదు, బోర్డు లేదు. అన్నిట్లోనూ ఆకుపచ్చగా నీళ్ళు నిలిచి ఉన్నాయి. చుట్టూ ఎక్కడా చుక్క నీళ్ళు లేని చోట ఆ నీళ్ళు చూస్తే నాకే గొంతు ఆరినట్టయింది. గొర్రెల సంగతి చెప్పాలా?

రెండు రోజులు అక్కడే పనిచేశాం. ఉచ్చులతో పట్టే ఒకతను కుందేళ్ళు, కౌజులు తెచ్చి ఇచ్చాడు. గుట్ట పొట్టలోకి అడ్డంగా తవ్విన ఒక సొరంగంలో గబ్బిలాలు కాపురం పెట్టాయి. వాటిని రామనాథం వల వేసి పట్టాడు.

రెండోరోజు పొద్దున్న మల్లయ్య వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. భుజాన గొంగడి, చేతుల మీద చచ్చిన గొర్రె. వెనక అతని భార్య లింగమ్మ.

"టీచరమ్మా, జర దీన్ని చూడు" అని గొర్రెను నా ముందు పడుకోబెట్టాడు. "నాలుగేండ్ల కింద నా మంద నూటిరవై. ఇప్పుడు నలభై ఒకటి. తింటయి, తిరుగుతయి, ఎండుకపోతయి. దవడ కింద నీళ్ళ సంచి దిగుతది. దిగిందంటె పది దినాలు. గుంతలు తవ్వినంకనే మొదలైంది గీ రోగం."

కోసి చూస్తానన్నాను. ఆడమనిషి కత్తి పట్టడం చూడ్డానికి ఊరంతా వచ్చి నిలబడింది. కార్జం బయటికి తీసి, నిలువునా చీల్చి, వేళ్ళతో నొక్కాను. పైత్యపు గొట్టాల్లోంచి వేప ఆకంత పురుగులు ఒకదాని వెనక ఒకటి జారి పడ్డాయి. కార్జపు జలగలు. గుంత దగ్గరికి పరుగెత్తి గట్టున వెతికాను. అనుకున్నట్టే గడ్డి మొదళ్ళలో చిన్న చిన్న నత్తగుల్లలు. జలగ పిల్లలు పెరిగేది ఆ నత్తల్లోనే. నిలవ నీరు లేని ఆ గుట్టలమీద నాలుగేళ్ళ క్రితం దాకా నత్త బతికే దారే లేదు. మల్లయ్య చెప్పింది నిజం. చంపింది గుంతలే. అయితే యురేనియంతో కాదు, నీళ్ళతో.

నాకు గొప్ప సంతోషమైంది. మందు ఉన్న జబ్బు. అదే చెప్పాలని ఊళ్ళోకి తిరిగి వచ్చేసరికి రామనాథం తన పని తాను చేసేస్తున్నాడు. చచ్చిన గొర్రె మీద గొట్టం పెట్టి మిషను తిప్పాడు. ఎప్పుడూ హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని వినేవాడు, ఆ రోజు వేడికి చెమట పడుతోందని చప్పుడు బయటికి వినపడేలా పెట్టాడు. టక్, టక్, టక్‌టక్, టక్.

జనం ఒక్కసారి వెనక్కి జరిగారు.

"ఉందట! గొర్రెల ఉందట!" అని ఎవరో ఆడమనిషి అరిచింది.

"కాదు, కాదు, ఇది అన్నిటి మీదా ఇలాగే అంటుంది. చూడండి" అని గొట్టం లాక్కుని పక్కనున్న బండ మీద పెట్టాను. బండ మీద ఇంకా వేగంగా కొట్టుకుంది. ఆ రాళ్ళ స్వభావమే అంత. నా చెయ్యి మీద పెట్టుకున్నాను. నులకమంచం మీద పెట్టాను. అన్నిచోట్లా టక్కుమంది.

లింగమ్మ మెల్లగా అడిగింది. "అయితె మా ఊరంత పట్టిందా అమ్మా గది?"

మిషను ఆపేశాను. జలగల గురించి, నత్తల గురించి, గుంతల నీళ్ళు మందకు తాగించొద్దని చెప్పాను. మల్లయ్య శ్రద్ధగానే విన్నాడు.

"జలగలు మా తాతల కాలంల గూడ ఏటి ఒడ్డుల మేపిన గొర్లకు ఉండె" అన్నాడు. "జలగలు సప్పుడు చెయ్యవు గద."

అంగడి

మర్నాడు పది మైళ్ళ అవతల వారపు అంగడి. చేపలు దొరుకుతాయేమోనని వెళ్ళాం. గొర్రెలు అమ్మే మైదానంలో ఒక మూల మల్లయ్య తన మందలో ఇరవై గొర్రెల్ని నిలబెట్టుకుని ఉన్నాడు. చుట్టూ పది గజాల మేర ఎవరూ లేరు. మిగతా అంగడి అంతా కిటకిటలాడుతోంది.

"ఏమయింది?" అన్నాను.

"మాకంటె ముందుగాలనే మాట వచ్చింది" అన్నాడు మల్లయ్య. "టక్కు గొర్లంటున్నరు. ముట్టుకుంటె పెయ్యంత బొబ్బలొస్తయట."

నేను అప్పుడు చేసిన పని ఎవరైనా తెలివైనవాళ్ళు చేస్తారా? ఖాజామియా "అమ్మా, జర ఆగుండ్రి, గిప్పుడొద్దు" అని చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా, జీపులోంచి మిషను తెప్పించి వేరే ఊరి గొర్రెల దగ్గరికి వెళ్ళాను. గొట్టం పెట్టి, "ఇదిగో, ఈ గొర్రెల మీదా అంతే అంటోంది, వినండి. అవీ ఇవీ ఒకటే" అని అందరికీ వినపడేలా అరిచాను.

అప్పటిదాకా ఆ గొర్రెల్ని బేరమాడుతున్న మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొర్రెల ఆసామి మొహం ఎర్రబడింది. "నా మంద మీద ఎందుకు పెట్టినవు? నా నోటికాడి బువ్వ తీస్తవా?" అంటూ మీదికి వచ్చాడు. పక్కవాళ్ళు తమ మందల్ని తోలుకుని పరుగెత్తారు. ఎవరో మట్టిబెడ్డ విసిరారు. రెండోది రామనాథం చెవి మీద తగిలి రక్తం వచ్చింది. ఖాజామియా నన్ను రెక్క పట్టుకుని జీపెక్కించాడు.

మైదానం చివర వెనక్కి తిరిగి చూశాను. గొర్రెలబేరం పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు మల్లయ్య చుట్టూ జనం చేరారు. వాళ్ళు కొనడానికి చేరిన జనం కాదు.

నందికొండ

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న చోటు గురించి పత్రికల్లో ఎంతో చదివాను. వెళ్ళి చూస్తే చదివింది ఏ మూలకూ చాలలేదు. కొండంత గోడ మీదికి వెదురు సారువల మెట్ల వెంట వేలమంది మనుషులు రాళ్ళు, సున్నం తట్టలు మోసుకెళ్తున్నారు. చంటిపిల్లల్ని కింద ఇసుకలో గుడ్డ పరిచి వదిలేశారు. గోడ వెనక లోయలో ఊళ్ళు ఖాళీ చేస్తున్నారు. దూలాలు ఊడదీసి బండ్ల మీద వేసుకుంటున్నారు. నీళ్ళొస్తే మా గుంటూరు జిల్లాకీ కృష్ణాకీ కాలువలు పారతాయని నేను చిన్నప్పటినుంచి వింటున్నదే. ఆ బండ్లు ఎటు వెళ్తున్నాయో అడగాలని అప్పటిదాకా నాకు తోచలేదు.

జీపు ఇరుసు విరిగి అక్కడ ఐదు రోజులు ఉండిపోయాం. చేపలు అమ్మే ఆమె దగ్గరికి వెళ్తే నన్ను చూసి గంప మీద గుడ్డ కప్పేసింది. "నువ్వు గా మిషినమ్మవే గదా? నా చేపల దిక్కు చూడకు తల్లీ, పో" అంది. చేపలు ఖాజామియా వేరే మనిషి చేత కొనిపించాడు.

ఆనకట్ట పని ఎద్దుల కోసం అక్కడ ఒక పశువుల డాక్టరు ఉన్నారు. అనంతపురం మనిషి, నెమ్మదస్తుడు. జలగల మాట చెబితే వెంటనే అర్థం చేసుకుని, నలభై గొర్రెలకు సరిపడా గోళీలు పొట్లం కట్టి ఇచ్చారు. "వేసి, నిలవనీటికి దూరంగా పెట్టమనండి. సగానికి పైగా బతుకుతాయి" అన్నారు.

జీపు బాగవగానే బొల్లిగుట్టకు తిరిగి వెళ్దామన్నాను. రామనాథం చెవికి కట్టు కట్టుకుని ఉన్నాడు. అయినా కాదనలేదు. వెళ్ళేసరికి మల్లయ్య గుడిసెకు తడిక కట్టేసి ఉంది. ఆ ఇంట్లోంచి నిప్పు కూడా ఎవరూ తీసుకోకపోయేసరికి భార్యాభర్తలు మందను తోలుకుని కొల్లాపూర్ వైపు, నది ఒడ్డుకు వెళ్ళిపోయారని పొరుగామె చెప్పింది. చెబుతున్నంతసేపూ గుమ్మం దాటి బయటికి రాలేదు.

కొల్లాపూర్

కొల్లాపూర్ ఎలాగూ మా చివరి మజిలీయే. ఒకప్పటి సంస్థానం ఊరు. పెద్ద పెద్ద గోడలు, వాటి మీద మొలిచిన రావి మొక్కలు. అక్కడి మామిడిపండ్ల గురించి ఖాజామియా దారి పొడుగునా చెప్పాడు. మేం వెళ్ళింది కాయ లేని కాలం.

నది ఒడ్డున చేపల కోసం తిరుగుతుంటే మంద కనిపించింది. ఇరవై కూడా లేవు. దూరంగా, రాళ్ళల్లో మేస్తున్నాయి. ఊరివాళ్ళు పచ్చిక దగ్గరికి రానివ్వడం లేదని తర్వాత తెలిసింది. మల్లయ్య గడ్డం పెరిగి, గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను పొట్లం ఇచ్చి, ఎలా వేయాలో చెప్పాను. తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

లింగమ్మ నన్ను కాస్త పక్కకు తీసుకెళ్ళింది.

"టీచరమ్మా, నాకు నాలుగో నెల. పదేండ్లకు నిలిచింది. గా గుంతల నీళ్ళు నేను గూడ తాగిన. గొర్ల పాలు తాగిన. మిషిను ఒక్కసారి నా కడుపు మీద పెట్టి చూడు."

"వద్దు లింగమ్మా. అది అందరి మీదా చప్పుడు చేస్తుంది. నా మీదా చేసింది, చూశావుగా. దానికి అర్థం లేదు."

"అర్థం నాకొద్దు. నాకు నిద్ర వస్తలేదు. లోపల పిల్ల కాలుతున్నదేమో అనిపిస్తది." నా రెండు చేతులూ పట్టుకుంది. "పెట్టు తల్లీ."

మిషను తెచ్చాను. పెట్టె అడుగున మీట ఉంటుంది. దాన్ని వెయ్యలేదు. గొట్టం ఆమె కడుపు మీద ఆనించి, చేతి గడియారం చూస్తూ నిమిషం సేపు పట్టుకున్నాను. నదిలో నీటి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. రామనాథం నా వంక ఒకసారి చూసి, చేతిలోని లెక్కల పుస్తకం మూసేశాడు.

లింగమ్మ అలాగే కింద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పది రోజుల బరువు దిగిన ఏడుపు అది. నేను చేసింది తప్పని ఆ క్షణాన నాకు అనిపించలేదు.

మల్లయ్య లేచి వచ్చాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో.

"సప్పుడు రాలే గద?" అన్నాడు.

"రాలేదు."

"అంటె దీని కడుపుల ఏం లేదన్నట్టే గద?"

"ఏం లేదు మల్లయ్యా."

"మరి నా గొర్ల మీద ఎందుకు మొత్తుకున్నది?"

నిజం చెప్పాలంటే మీట సంగతి చెప్పాలి. లింగమ్మ తల ఎత్తి నా మొహంలోకే చూస్తోంది. చెయ్యి కడుపు మీద నుంచి తీయలేదు. నేను గొట్టానికి తీగ చుట్టడం మొదలుపెట్టాను.

మల్లయ్య తనే జవాబు చెప్పుకున్నాడు. "గంతే. గొర్లల్లనే ఉంది." గోళీల పొట్లం తెచ్చి జీపు ముందు భాగం మీద జాగ్రత్తగా పెట్టాడు. "గివి మంచి గొర్లకు ఇయ్యుండ్రి. పాడు కానీయకుండ్రి." ఆ గొంతులో కోపం లేదు. మిషను తప్పు చెప్పదని అతను నమ్మాడు. నమ్మించింది నేను.

తిరిగి వచ్చాక

ఎముకలన్నీ కాల్చి, బూడిద చేసి, నెల రోజులు కొలిచాం. బొల్లిగుట్ట గొర్రెల ఎముకలకూ చౌటుప్పల్ దుకాణం ఎముకలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కుందేళ్ళూ అంతే. సొరంగంలో గబ్బిలాలకు కాస్త ఎక్కువ వచ్చింది, కాని పట్టినవి తొమ్మిదే కాబట్టి గట్టిగా ఏమీ అనలేం. నివేదిక చివర జలగల గురించి, నత్తల గురించి, గుంతలు పూడ్పించమని ఒక పేజీ రాశాను. అడిగిన విషయానికి సంబంధించనిదని ఆ పేజీ ఒక్కటీ తిరిగి వచ్చింది. మళ్ళీ పంపాను. ఈసారి తిరిగి రాలేదు, జవాబూ రాలేదు.

మల్లయ్యకు రాద్దామంటే చిరునామా లేదు. ఉన్నా ఏమని రాయాలో తెలియలేదు. నందికొండ డాక్టరుగారికి రాశాను. చాలా నెలలకు ఒక కార్డు వచ్చింది. మల్లయ్య ఆనకట్ట మీద రాళ్ళు మోస్తున్నాడట. లింగమ్మకు ఆడపిల్ల పుట్టిందట, పిల్ల ఆరోగ్యంగా ఉందట. కొల్లాపూర్ దగ్గర మల్లయ్య తన మందను ఒక్కొక్కటిగా కోసి, మాంసం ఎవరూ తినకుండా గొయ్యి తీసి పూడ్చాడని, పూడ్చిన చోట పిల్లలు ఆడుకోకుండా ముళ్ళకంప నాటి వచ్చాడని, తన దగ్గర పనిచేసే మనిషి చెప్పాడని డాక్టరుగారు రాశారు.